ఆముదపు చెట్టుకి కాళ్ళుంటే

చెట్టు లేని ఊళ్ళో ఆముదపు చెట్టే మహావృక్షం అన్నారు మనవాళ్ళు. ఈ సామెత వినగానే మనమంతా ఆముదపు చెట్టుని చూసి నవ్వుతాం. నిదానంగా ఆలోచిస్తే అందులో ఆ చెట్టు చేసిన తప్పేముంది చెప్పండి? తనని మహావృక్షమనమని అదెవర్నీ అడగలేదు. గింజ పడ్డచోట మొలిచింది, చేతనైనంత పెరిగింది. బిరుదు ఇచ్చింది ఊరివాళ్ళు. కాని ఒక్కమాట. ఆ చెట్టుకే గనక కాళ్ళుండి, మర్రిచెట్లూ మామిడిచెట్లూ ఉన్న ఊరు పక్కనే ఉందని తెలిసీ, అటు పోకుండా, చెట్టన్నది లేని ఊరొకటి వెతుక్కుని వెళ్ళి అక్కడ పాతుకుందనుకోండి. అప్పుడు మాత్రం కాస్త నవ్వాలనే అనిపిస్తుంది, కాదూ?

చెట్లకి కాళ్ళుండవు. మనకుంటాయి. ఎవరి పక్కన నిలబడి కొలిపించుకోవాలో చాలాసార్లు మనమే ఎంచుకుంటాం. ఆ ఎంపికలో నీతి అనేది ఏమైనా ఉందా, లేక అది వట్టి ఇష్టాయిష్టాల వ్యవహారమా అన్నది నన్ను కొంతకాలంగా పట్టుకున్న ప్రశ్న.

సంక్రాంతికి వీధిలో ముగ్గుల పోటీ పెడతారు. మూడు ప్రైజులు, వచ్చినవాళ్ళూ ముగ్గురే! మూడో ప్రైజు స్టీలు డబ్బా పట్టుకుని ఇంటికెళ్ళినావిడ ‘నాకు మూడోది వచ్చింది’ అంటుందే గాని ‘అందరికన్నా ఆఖరున వచ్చాను’ అనదు. పండగపూట ఆ మాత్రం సంబరం వల్ల ఎవరికీ చెరుపు లేదు. కాని ఏళ్ళ తరబడి సాధన చేసి, వేల డాలర్లు పోసి, విమానమెక్కి వెళ్ళే పోటీలో కూడా సరిగ్గా ఇదే జరుగుతుందని వింటే?

మా పిన్ని కూతురొకతె అమెరికాలో ఉంటుంది. నాకంటే రెండేళ్ళు చిన్న. పిల్లలిద్దరూ చదువులకని ఇల్లు విడిచి వెళ్ళాక, ఇంట్లో గడియారం చప్పుడు తప్ప మరో చప్పుడు లేదని, బాల్‌రూమ్ డాన్సు నేర్చుకోవడం మొదలుపెట్టింది. అంటే ఆడా మగా జంటగా చేసే పాశ్చాత్య నాట్యం. వాల్ట్జ్, టాంగో, ఫాక్స్‌ట్రాట్ వంటివి ఒక రకం. చా-చా, రుంబా, సాంబా వంటివి ఇంకో రకం. మా పిన్నికి మొదట్లో మింగుడు పడలేదు. మా మరిది మాత్రం, “నావి మోకాళ్ళ నొప్పులు వదినగారూ! నన్ను లాక్కెళ్ళకుండా ఉంటే చాలు, హాయిగా చేసుకోమనండి,” అని నవ్వేశాడు.

నలభై దాటిన ఇల్లాలికి జంటగా చేసే జోడీ ఎక్కడ దొరుకుతుంది? దానికి అక్కడివాళ్ళు చక్కని ఉపాయం కనిపెట్టారు. నేర్పే మాస్టారే జోడీ. ఆయన వృత్తి నర్తకుడు, ఈవిడ నేర్చుకునే విద్యార్థిని. ఇద్దరూ కలిసి పోటీలోకి దిగుతారు. దీన్ని ‘ప్రో-యామ్’ అంటారు. ప్రొఫెషనల్‌లోని ముక్క ఒకటి, అమెచ్యూర్‌లోని ముక్క ఒకటి. జడ్జీలు చూసేది విద్యార్థిని ఒక్కదాన్నే. మాస్టారు ఎంత బాగా చేసినా ఆయనకి మార్కు లేదు. ప్రతి డాన్సుకీ విడిగా ప్రవేశ రుసుము. మాస్టారి రోజు కూలీ, ఆయన ప్రయాణం, బస కూడా విద్యార్థులే పంచుకుని భరిస్తారు. ఆపైన తళుకుల గౌను, జుట్టు ముడి, మేకప్పు. ఇంతా చేసి ఒక డాన్సు సాగేది నిమిషమున్నర, మహా అయితే రెండు నిమిషాలు.

ఈ పోటీల ఏర్పాటే చిత్రమైనది. అంతర్జాతీయ పద్ధతిలో పది డాన్సులు, అమెరికన్ పద్ధతిలో తొమ్మిది, వెరసి 19. ఒక్కొక్క దానిలో కంచు, వెండి, బంగారం అని మూడు అంతస్తులు. వాటిల్లో మళ్ళీ వయసునిబట్టి తరగతులు. వయసు తరగతులు అయిదే అనుకున్నా లెక్క 285 గదులకి తేలుతుంది. అంతస్తుల్లో ఉప అంతస్తులూ, పాఠంలో ఉన్న అడుగులే వెయ్యాలన్నవీ, ఇష్టమొచ్చినవి వెయ్యొచ్చన్నవీ వేరువేరుగా కలిపితే ఇక చెప్పక్కర్లేదు. వచ్చిన వాళ్ళేమో కొన్ని పదులమంది. ఇన్ని గదుల్లో సర్దితే చాలా గదుల్లో ఒక్కరే మిగులుతారు. ఆ ఒక్కరికీ మొదటి స్థానం!

చూసేవాళ్ళకి ఇది తెలియదు. వేరువేరు గదుల వాళ్ళందర్నీ కలిపి ఒకేసారి హాల్లోకి వదులుతారు. ఎనిమిది జంటలు గిరగిరా తిరుగుతూంటాయి. ఎనిమిదిమందిలో గెలిచిందనే అనుకుంటాం. నిజానికి ఆ ఎనిమిదీ ఎనిమిది వేరు పోటీలు కావచ్చు. ఎనమండుగురూ ప్రథములే కావచ్చు.

మా చెల్లెలికి వచ్చిన సమస్య ఇదీ. ఆ ఏడాది చేతిలో ఉన్న డబ్బుకి ఒక్క పోటీకే వెళ్ళగలదు. కారులో రెండు గంటల దూరంలో చిన్న పోటీ ఒకటుంది. దాని నిరుటి ఫలితాలు తిరగేస్తే ఆమె వయసులో, ఆమె అంతస్తులో చాలా డాన్సులకి ఒక్క పేరే ఉంది. వెళ్తే పదిహేను ప్రథమ స్థానాలు సంచీలో వేసుకుని రావచ్చు. రెండోది విమానమెక్కి వెళ్ళాల్సిన పెద్ద పోటీ. అక్కడ ఆమె గదిలో ఇరవైమందికి తక్కువ ఉండరు. “నువ్వైతే ఏం చేస్తావక్కా?” అని ఫోనులో అడిగింది. “నేనైతే ఇంట్లో కూర్చుంటానే!” అన్నాను గాని, ఆ ప్రశ్న మాత్రం నన్ను ఇంట్లో కూర్చోనివ్వలేదు.

ముందు చిన్న పోటీ పక్షాన చెప్పవలసింది చెబుతాను. కొత్తగా నేర్చుకున్నవాళ్ళకి నలుగురిముందు నిలబడటమే పెద్ద పరీక్ష. కాళ్ళు వణుకుతాయి, నేర్చుకున్నది గాలికి పోతుంది. అలాంటివాళ్ళు మొదటిసారి ఖాళీగా ఉన్నచోట భయం పోగొట్టుకుంటే తప్పేమిటి? ఈత నేర్పేటప్పుడు గోదావరి మధ్యకి తీసుకెళ్ళి వదిలెయ్యం కదా. ఆర్థికంగా చూసినా దగ్గరిదే మేలు. ఇంకొందరు వేదాంతం కూడా చెబుతారు. ఫలంమీద ఆశ పెట్టుకోకుండా పని చెయ్యమన్నారు పెద్దలు, పక్కన ఎందరుంటే నీకెందుకు అని. మన కూచిపూడిలోనైనా అరంగేట్రం అంటే పోటీ కాదు. గురువుకి దణ్ణం పెట్టి, బంధుమిత్రుల ముందు నేర్చుకున్నది చూపించడమే. అక్కడ ఒకటీ రెండూ అనే అంకెలే లేవు. అది పరిశుద్ధమైన పద్ధతే.

సరిగ్గా అక్కడే చిక్కుంది. అంకె వద్దనుకుంటే పోటీకి వెళ్ళక్కర్లేదు. ఇంట్లోనో, స్టూడియోలోనో చేసుకోవచ్చు. పోటీ పెట్టే చోటికి వెళ్ళి, రుసుము కట్టి, అంకె తెచ్చుకుని, ‘నాకు అంకెతో పనిలేదు’ అంటే అది వైరాగ్యం కాదు. అంకె కావాలనుకున్నప్పుడు ఆ అంకెకి అర్థం ఉండాలి కదా!

ఆ అర్థం ఎక్కడినుంచి వస్తుందంటే పక్కవాళ్ళనుంచి. బాల్‌రూమ్ పోటీల్లో జడ్జీలు పరీక్ష పేపరు దిద్దినట్టు నూటికి ఇన్ని అని మార్కులు వెయ్యరు. తుదిపోటీలో మామూలుగా ఆరు జంటలు ఉంటాయి. ప్రతి జడ్జీ ఆ ఆరింటినీ ఒకటి నుంచి ఆరుదాకా వరసలో పెడతాడు, అంతే. తొమ్మిదిమంది జడ్జీలుంటే అయిదుగురు ఎవర్ని ముందు పెట్టారన్నది చూసి స్థానం తేలుస్తారు. అంతకుముందు దశల్లోనైతే వరస కూడా ఉండదు, ఎవర్ని మళ్ళీ పిలవాలో టిక్కు పెట్టడమే. కాబట్టి అక్కడ ‘మొదటిది’ అనే మాట డాన్సు ఎలా ఉందో చెప్పదు. మిగతావాళ్ళకంటే ఎలా ఉందో చెబుతుంది. మిగతావాళ్ళే లేకపోతే ఆ మాట నోరు తెరుస్తుంది గాని ఏమీ చెప్పదు. అద్భుతంగా చేసినా ఒకటే, అడుగడుక్కీ తప్పినా ఒకటే. ఇరవైమందిలో పన్నెండో స్థానం అలా కాదు. నీ వెనక ఎనిమిదిమంది ఉన్నారు, ముందు పదకొండుమంది ఉన్నారు, వాళ్ళేం చేశారో నీ కళ్ళతో చూసి రా అంటుంది. ఖరీదెక్కువైనా సరుకున్న అంకె అది.

ఇక మాస్టారి సంగతి. ఈ వ్యవహారంలో నన్ను ఎక్కువగా ఆలోచింపజేసింది అదే. ఇలాంటి పోటీల్లో స్థానాలకే కాక, ఎక్కువ ఎంట్రీలు తెచ్చిన మాస్టారికీ, ఎక్కువ ఎంట్రీలు వేసిన విద్యార్థికీ, స్టూడియోకీ కూడా బహుమతులుంటాయి. విద్యార్థిని ఎన్ని డాన్సులకి పేరిస్తే ఆయనకి అంత ఆదాయం. ఓడి ఏడ్చిన విద్యార్థిని వచ్చేనెల మానెయ్యవచ్చు; పదిహేను ప్రథమ స్థానాలు వచ్చినావిడ మళ్ళీ వస్తుంది. అందుచేత ఆయన చిన్న పోటీకే వెళ్దామంటే ఆశ్చర్యం లేదు. ఆయన్ని దుర్మార్గుడని నేననను. ఆయనకీ ఇల్లుంది, పిల్లలున్నారు. వయసు ముదిరితే మోకాళ్ళు మొరాయించే వృత్తి అది. కాని డబ్బిచ్చి నాట్యం నేర్చుకోవడం వేరు, డబ్బిచ్చి మెప్పు కొనుక్కోవడం వేరు. రెండూ ఒకే చేతిమీదుగా జరుగుతున్నప్పుడు ఏది ఏదో తేల్చుకోవలసిన బాధ్యత కొంత మాస్టారిదీ, ఎక్కువభాగం కొనేవాళ్ళదీను. “మాస్టారూ, నా వయసులో, నా అంతస్తులో నిరుడు ఎంతమంది వచ్చారు?” అని అడగడానికి మొహమాటమెందుకు? చీర కొనేటప్పుడు అంచు తిప్పి చూసే మనం ఆ మాత్రం అడగలేమా?

అడగక్కర్లేకుండా తెలుసుకునే దారులూ ఉన్నాయట. చాలా పోటీల పాత ఫలితాలు పేర్లతో సహా అందరికీ దొరుకుతాయి. మొత్తం ఎన్ని వేల ఎంట్రీలొచ్చాయని గొప్పగా ప్రకటించుకునేది కాదు చూడవలసింది. ఒకావిడే అరవై డాన్సులు వేస్తే అరవై ఎంట్రీలు. చూడవలసింది మన గదిలో ఎందరు మనుషులున్నారని. సెమీఫైనల్ జరిగిందీ అంటే ఒక్క తుదిపోటీలో పట్టనంతమంది వచ్చారన్నమాట. విడివిడి డాన్సులకన్నా, మూడునాలుగు డాన్సులు వరసగా చేయించి కలిపి తేల్చే పోటీలకి జనం ఎక్కువ వస్తారు. స్కాలర్‌షిప్ పేరుతో నగదు బహుమతి ఇచ్చేవైతే మరీను. ఒహాయో రాష్ట్రంలోని కొలంబస్‌లో 1970ల చివర మొదలైన ఒహాయో స్టార్ బాల్, లాస్ ఏంజిలిస్‌లో జరిగే ఎమరాల్డ్ బాల్ వంటివి ఆ దేశంలో పేరుమోసినవి. అలాంటిచోట ఆడ విద్యార్థినుల గదులు కిటకిటలాడతాయట. మగ విద్యార్థులు ఎక్కడైనా తక్కువే. డాన్సు కోసం కష్టపడి నేర్చుకుని కొలిపించుకునేది ఎక్కువగా ఆడవాళ్ళేనన్నమాట. ఎందుకంటారు?

నాకు తోచింది చెబుతాను. మనం జన్మంతా ఒక్కరే ఉన్న గదుల్లో పోటీ చేస్తాం. ఇంట్లో వంట మనదొక్కరిదే. “అమ్మ చేతి పులుసు ముందు ఏదైనా దిగదుడుపే” అంటారు పిల్లలు. ముద్దుగానే ఉంటుంది గాని, వాళ్ళు వేరే ఎవరి పులుసు తిన్నారు గనక? ఇంకో ఇంట్లో ఆ మెప్పు కూడా ఉండదు, ఉప్పు తగ్గినరోజు తప్ప నోరు విప్పరు. రెండు రకాలుగానూ మన పనికి కొలత లేదు. ఉచితంగా వచ్చిన ప్రథమ స్థానం, లేకపోతే అసలు ఏ స్థానమూ లేకపోవడం. అలాంటి మనిషికి నలభై ఐదో ఏట ఎవరో పరాయివాళ్ళు, ఏ మొహమాటమూ లేనివాళ్ళు, కళ్ళతో చూసి నువ్వు ఫలానాచోట ఉన్నావు అని చెబితే వినాలని ఆకలిగా ఉండదూ? ఆ ఆకలి తీర్చుకోవడానికి ఇంత దూరం వచ్చి, మళ్ళీ ఒక్కరే ఉన్న గది వెతుక్కుని వెళ్తే, వంటింట్లోంచి బయలుదేరి వంటింటికే చేరినట్టు కాదూ?

ఈ సందర్భంలో నాకు విరాటపర్వం గుర్తొస్తూంటుంది. ఉత్తర కుమారుడి ప్రగల్భాలంటే మనకి వెక్కిరింతమాటగా స్థిరపడిపోయింది. అంతఃపురంలో ఆడవాళ్ళముందు, కౌరవుల్ని చెండాడేస్తానన్నాడు. సారథిగా వెళ్ళింది బృహన్నల. తీరా చూస్తే ఆయన నాట్యాచార్యుడే! యువరాజుకి వృత్తి నిపుణుడి తోడు, ఇంతకన్నా పాత ప్రో-యామ్ ఎక్కడుంటుంది? సైన్యాన్ని చూడగానే ఉత్తరుడు రథం దిగి పరుగెత్తాడు. యుద్ధం అర్జునుడు చేశాడు. ఊళ్ళోకి మాత్రం ఉత్తరుడు గెలిచాడన్న కబురే వెళ్ళింది. విరాటరాజు పొంగిపోయాడు. బృహన్నల తోడుంటే గెలవక ఏం చేస్తాడన్న కంకుభట్టుమీద పాచికలు విసిరి రక్తం కళ్ళజూశాడు. మనవాళ్ళ గెలుపుమీద సందేహం వెలిబుచ్చినవాణ్ణి తండ్రులెవరూ క్షమించరు.

మనం మరిచిపోయేది ఆ తరవాత జరిగింది. ఉత్తరుడు ఇంటికొచ్చి, తండ్రి మెచ్చుకుంటూంటే, ఆ గెలుపు నాది కాదు, ఒక దివ్యపురుషుడిది అని చెప్పేశాడు. అర్జునుడు తన పేరు బయటపెట్టవద్దన్నాడు గనక పేరు చెప్పలేదు, అంతే. కొట్టేసుకోదలిస్తే ఆ కీర్తి చేతికందే ఉంది. పొద్దున్న ప్రగల్భాలు పలికినవాడు సాయంకాలానికి అంత నిజాయితీపరుడు ఎలా అయ్యాడు? మధ్యలో అతను నిండు సైన్యాన్ని చూశాడు. భీష్ముడూ ద్రోణుడూ ఎలా ఉంటారో, గాండీవం ఎలా మోగుతుందో దగ్గరుండి చూశాడు. అది చూశాక అంతఃపురపు మెప్పు రుచించదు. తన పొడుగెంతో తెలిసినవాడికి అబద్ధమాడవలసిన అవసరం సగం తగ్గిపోతుంది. అందుకే గట్టివాళ్ళు నిండుగా ఉన్నచోటికి వెళ్ళమంటాను నేను. గెలవడానికి కాదు, ఓడి వైరాగ్యం తెచ్చుకోవడానికీ కాదు. మనగురించి మనం చెప్పుకునే మాటలు నిజం కావడానికి.

2023లో మా చెల్లెలు పెద్ద పోటీకే వెళ్ళింది. “ఇంత డబ్బు పోసి ఓడిపోవడానికటండీ!” అని మా మరిది నాకు ఫోను చేసి మొత్తుకున్నాడు. ఆవిడ నాలుగు డాన్సులకే పేరిచ్చింది. రెండిటిలో మొదటి దశలోనే ఇంటిదారి. ఒకదానిలో సెమీఫైనల్‌దాకా వెళ్ళి ఆగిపోయింది. వాల్ట్జ్‌లో తుదిపోటీకి పిలిచారు, ఆరుగురిలో అయిదో స్థానం. అంతే. “అక్కా, ఆ అయిదోది ఏ జడ్జీ ఏమిచ్చాడో కాగితంమీద ఉంది. ఒకాయన నన్ను రెండు పెట్టాడు, ఒకాయన ఆరు పెట్టాడు. రెండూ ఎందుకో నాకు తెలుసు,” అంది. ఆ ‘నాకు తెలుసు’ అనడంలో ఉన్న నిబ్బరం ఆమె గొంతులో నేనంతకుముందు వినలేదు. అన్నిటికన్నా నాకు నచ్చిన సంగతి మరొకటుంది. తన ముందున్న నలుగురిలో ఒకావిడకి డెబ్భైకి దగ్గరపడ్డ వయసట. చిన్నవాళ్ళ తరగతిలో కావాలనే పేరిచ్చుకుందట, తన వయసు గదిలో ఎవరూ ఉండరని!

ఇదంతా విని, చిన్న పోటీలకి వెళ్ళేవాళ్ళంతా మోసగాళ్ళని నేనంటున్నానని అనుకోకండి. మొదటిసారి వెళ్ళే పిరికితల్లికి ఖాళీ హాలే దేవాలయం. డబ్బు లేనివాళ్ళు దగ్గరిదానికే వెళ్తారు. వాళ్ళు చెయ్యవలసిందల్లా ఇంటికొచ్చి ‘మొదటి స్థానం వచ్చింది, నేనొక్కదాన్నే ఉన్నాలెండి’ అని నవ్వుతూ చెప్పగలగడం. ఆ రెండో ముక్క చెప్పగలిగితే మొదటి ముక్కలో దోషం లేదు. గొంతుకి అడ్డం పడుతోందంటే మాత్రం, వచ్చేసారి కాస్త నిండుగా ఉన్న హాలు వెతుక్కోవలసిన వేళయిందని అర్థం.

మనలో చాలామందికి వాల్ట్జ్‌తో పనిలేదు. కాని పాట పాడతాం, కథలు రాస్తాం, పచ్చళ్ళు పెట్టి అమ్ముతాం, పిల్లల్ని బడిలో చేరుస్తాం. ఏ బడిలో వేస్తే మనవాడికి ఫస్టు ర్యాంకు ఖాయమని చూస్తున్నామా, ఎక్కడ వేస్తే పక్కవాళ్ళని చూసి నేర్చుకుంటాడని చూస్తున్నామా? మీ ఇంట్లో అద్దాల బీరువాలో కప్పులేవైనా ఉంటే, ఈసారి దుమ్ము తుడిచేటప్పుడు ఒక్కొక్కదాన్నీ ఎత్తి, ఆ రోజు నా పక్కన ఎందరున్నారు అని ఒక్కసారి అడిగి చూడండి. కొన్ని కప్పులు జవాబు చెప్పవు. చెప్పేవి ఎంత చిన్నవైనా సరే, వాటిని ముందు వరసలో పెట్టండి.